పన్నెండేళ్లుగా సల్ఫేట్ చల్లుతున్నాను

పశ్చిమ గోదావరిలో అత్తిలి కాలువ కింద మాకు మూడెకరాల రేగడి. అందులో ముప్పై సెంట్లు పల్లం, మిగతాదంతా మెరక. సార్వాకు (ఖరీఫ్) స్వర్ణ, దాళ్వాకు (రబీ) 1121 రకం వరి వేస్తాం. నత్రజని, గంధకం రెండూ ఉన్న అమ్మోనియం సల్ఫేట్ ఎరువు జోలికి వెళ్లింది ఒక దాళ్వాలో చేను చేసిన హడావుడి వల్లే.

నాట్లు ఊడ్చిన మూడో వారానికి చేను పాలిపోయింది. మామూలుగానే యూరియా చల్లాను. కింది ఆకులు నల్లగా నిగనిగలాడాయి గానీ, పైన వచ్చే సుడి ఆకు మాత్రం నిమ్మపండు రంగు వదల్లేదు. ఇంకో విడత చల్లబోతుంటే మండలం నుంచి వచ్చిన ఆఫీసరు ఆపాడు. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పాలిపోతుందట, గంధకం తక్కువైతే లేతాకు. నాన్నగారి రోజుల్లో సూపర్ ఫాస్ఫేట్ వేసేవారు, భాస్వరంతో పాటు 11 శాతం గంధకం కూడా భూమిలో పడేది. మేం డీఏపీ ఎరువుకి మారాం. మోత తగ్గింది, గంధకం సున్నా అయింది.

ఆ గంధకం కోసమే సల్ఫేట్ పట్టుకున్నాను, ఖర్చు దగ్గర మాత్రం ఇది యూరియాతో తూగదు. 45 కిలోల యూరియా కట్టలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అంత నత్రజని రావాలంటే సల్ఫేట్ 50 కిలోల కట్టలు రెండు కావాలి. వాటితో 23 కిలోల దాకా గంధకం వస్తుంది, నిజమే. కానీ పంటకు అంత అక్కర్లేదు. అందుకే నేను పిలకల దశలో ఎకరాకు ఒక కట్ట సల్ఫేట్, అరకట్ట యూరియా వేస్తాను. చిరుపొట్టకు (లోపల వెన్ను కట్టే దశలో) ఉత్త యూరియానే. నీరు తీసేసి బురద మీద చల్లి, ఒకరోజు ఆగి మళ్లీ పెడతాను. నాలుగైదు రోజుల్లో సుడి ఆకు రంగు తిరుగుతుంది. చలికి ముడుచుకున్న దాళ్వా ఆకుమడికైతే (నారుమడికి) దీన్ని మించింది నేను చూడలేదు.

దెబ్బ తిన్నది పల్లంలో. రెండో ఏడు ఉత్సాహం కొద్దీ అక్కడా కట్టలు కుమ్మరించాను. మురుగు పోయే దారి లేదు, పైగా ముసురు పట్టింది. పదిహేను రోజులకు మొక్క ఎదగడం మానేసింది. పీకి చూస్తే వేళ్లు బొగ్గులా నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలాడని బురదలో సల్ఫేట్ విషవాయువుగా మారుతుందని అప్పుడు తెలిసింది. నీరు తీసి నెరలు కొట్టేదాకా ఆరబెడితే కొంత తేరుకుంది, ఆ ముక్కలో మాత్రం సగం పంటే చేతికొచ్చింది.

గోదావరి లంకలో మా బావమరిది ఇసుక నేలలో కూరగాయలకు సల్ఫేట్ వాడతాడు. అక్కడ ఈ బాధ లేదు, కాకపోతే తడికి కిందకి దిగిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా వేస్తాడు.

ఆకు మీద తుప్పు మచ్చలుంటే దీని కోసం పరుగెత్తకండి, అది జింకు లోపం. నేనూ ఒకసారి అలా డబ్బు పోగొట్టుకున్నాను. ఇంకోటి, సల్ఫేట్‌కి యూరియాకి పట్టినంత త్వరగా చెమ్మ పట్టదు గానీ, వానాకాలం దాచితే గడ్డ కడుతుంది. చల్లే ముందు రోకలితో కొట్టుకోవాలి.

దిగుబడి లెక్క అడుగుతారు. మెరకలో ఎకరాకు రెండు మూడు బస్తాలు పెరిగినట్టు నాకు అనిపిస్తోంది, కానీ అదే ఏడు విత్తనం కూడా మార్చాను, కాబట్టి ఒట్టేసి చెప్పలేను. ఈ దాళ్వాకు ఆకుమడికీ మెరకకీ కలిపి మూడు కట్టలు చెప్పాను. పల్లానికి ఒక్కటీ లేదు.