గ్రాడిల్: వరస చెప్పడం వేరు, పని చెప్పడం వేరు

విజయవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తు, ముగ్గురం కూర్చునే ఆఫీసు మాది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. కాటా తూకం, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కమీషన్, హమాలీ, చివర్లో రైతు చేతికిచ్చే పట్టీ, మొత్తం జావాలోనే. రాసిన కోడ్‌ని వాడకానికి సిద్ధం చేసే బిల్డు మాత్రం గ్రాడిల్ అనే టూల్‌తో. నాలుగేళ్ళ నుంచి వాడుతున్నాను కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

ఇందులో బిల్డుని చిన్న చిన్న పనులుగా (టాస్కులుగా) రాస్తాం. ఏ పని దేని మీద ఆధారపడిందో మనం చెబితే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. కంపైల్, టెస్టులు, జిప్, సర్వర్‌కి అప్‌లోడ్. మధ్యలో కొత్త పని వచ్చిపడితే ‘డిపెండ్స్‌ఆన్’ (dependsOn, దీనికి ముందు అది కావాలి) అని ఒక్క లైను. ప్లగిన్‌తో వచ్చిన పనికి కూడా, పేరు పట్టుకుని, మనది అదనంగా తగిలించొచ్చు. పాతవి పోవు. ఇంతవరకు హాయి.

మొన్న మార్చిలో ఒక కొట్టువాళ్ళు హమాలీ లెక్క మార్చమన్నారు. ఎక్సెల్‌లోని రేట్లని ఫైలుగా మార్చే పని ఒకటి రాసి, అప్‌లోడ్ దీని తర్వాతే జరగాలి గదా అని ‘మస్ట్‌రన్‌ఆఫ్టర్’ (mustRunAfter) పెట్టాను. ఆ పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. రాత్రి పదకొండింటికి అప్‌లోడ్ కొట్టి, ‘బిల్డ్ సక్సెస్‌ఫుల్’ చూసి పడుకున్నాను. మర్నాడు కాటాలు మొదలయ్యాక ఫోను. “ఏమ్మా, మార్చేశామన్నారు, టిక్కీకి పాత హమాలీయే పడుతోంది. రైతులు నుంచునున్నారిక్కడ.”

తప్పు నాదే. మస్ట్‌రన్‌ఆఫ్టర్ అనేది రెండు పనులూ ఎలాగూ నడవబోతుంటే ఏది ముందో చెబుతుంది, అంతే. రాని పనిని పిలుచుకురాదు. పప్పు వడ్డించాకే పులుసు తేవాలని వంటాయనకి చెప్పాను గానీ, పప్పు వండమని చెప్పలేదు. ఆయన పులుసొక్కటే తెచ్చాడు.

సరే, డిపెండ్స్‌ఆన్‌గా మార్చాను. మళ్ళీ పాత రేట్లే! ఈసారి రేట్ల పని నడిచింది, కానీ జిప్ కట్టేశాక. అప్‌లోడ్‌కి జిప్పూ కావాలి, రేట్లూ కావాలి అన్నాను తప్ప ఆ రెండిట్లో ఏది ముందో చెప్పలేదు. తగిలించాల్సింది అప్‌లోడ్‌కి కాదు, జిప్‌కి. అదైనా డిపెండ్స్‌ఆన్ కంటే మంచి దారి ఉంది: జిప్‌లో ఏ ఫైళ్ళు చేర్చాలో చెప్పే ‘ఫ్రమ్’ దగ్గర ఫోల్డర్ పేరు బదులు ఆ పనినే ఇచ్చేయడం. అప్పుడు సంబంధం దానంతటదే కలుస్తుంది. రేట్ల పనికి ఔట్‌పుట్ ఫైలు ఫలానా అని నేను ముందే రాసి ఉంటే, గ్రాడిల్ 8వ వెర్షన్ జిప్ దగ్గరే ఎర్రగా ఎర్రర్ చూపి ఆపేసేది. నేను రాయలేదు.

ఒక పని వెనకాలే ఇంకోటి నడిపే ‘ఫైనలైజ్డ్‌బై’ (finalizedBy) గురించి కూడా ఒక మాట. అప్‌లోడ్ అయ్యాక కొట్టువాళ్ళకి మెసేజ్ వెళ్ళాలని దీంతో కట్టాను. అప్‌లోడ్ ఫెయిలైనా మెసేజ్ వెళ్ళింది. ఇది టెంపరరీ ఫైళ్ళు తుడిచే పనులకి పెట్టుకోవాల్సింది, శుభవార్తలకి కాదు.

నెట్‌లో పాత ఉదాహరణలు చూసి ‘అప్‌లోడ్‌ఆర్కైవ్స్’ (uploadArchives) అనే పాత అప్‌లోడ్ పని కోసం వెతక్కండి. గ్రాడిల్ 7.0లోనే తీసేశారు, లైబ్రరీలు దాచే మావెన్ రిపాజిటరీకి పంపాలంటే ఇప్పుడు ‘మావెన్ పబ్లిష్’ ప్లగిన్ వాడాలి. మాలా మామూలు సర్వర్‌కి జిప్ పంపేవాళ్ళు సొంతంగా ఒక పని రాసుకోవాల్సిందే.

నేను ఐదుకి నాలుగిస్తాను. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్ళకి ఇది ఎలాగూ తప్పదు. రెండు ఫైళ్ళు జిప్ చేసి పంపడమే పనైతే ఒక షెల్ స్క్రిప్టు చాలు, దీని జోలికి రావద్దు. 8 జీబీ లాప్‌టాప్‌లో బ్రౌజరూ ఇదీ కలిసి నడిస్తే ఫ్యాను మోత పక్క గదిలోకి వినిపిస్తుంది. ఇప్పుడు అప్‌లోడ్‌కి ముందు కమాండ్‌కి ‘మైనస్ ఎమ్’ (-m) తగిలించి కొడుతున్నాను, ఏ పనీ చేయకుండా ఏది తర్వాత ఏదో వరస మాత్రం చూపిస్తుంది. జిప్ లైను కంటే పైన రేట్ల లైను కనబడితేనే అసలు అప్‌లోడ్‌కి ఎంటర్ కొడతాను. మా ఆఫీసులో చిన్నవాడు దీనికి “అమ్మగారి జాతకం చూడటం” అని పేరు పెట్టాడు.