నడుం నొప్పికి ‘సర్జరీ లేకుండా గ్యారంటీ’ ప్యాకేజీలు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో ‘ఆపరేషన్ అక్కర్లేదు, మెషీన్‌తో డిస్క్‌ను లోపలికి పంపిస్తాం’ అంటూ నడుం నొప్పి ప్యాకేజీలు అమ్ముతున్న సెంటర్ల గురించి ఈ పోస్టు. ఆపరేషన్ అక్కర్లేదన్న మాట చాలామంది విషయంలో నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే లక్ష రూపాయల ప్యాకేజీ అంటగడుతున్నారు.

మా వదిన టైలరింగ్ చేస్తుంది. గంటల తరబడి మిషన్ ముందు కూర్చోవడంతో నడుం పట్టేసింది. నొప్పి పిర్ర మీదుగా పిక్క దాకా లాగేది. ఫోన్‌లో యాడ్ చూసి నంబరు ఇచ్చిందో లేదో, ఇక ఫోన్ల మీద ఫోన్లు. కన్సల్టేషన్ 99 రూపాయలే అన్నారు. తీరా వెళ్తే ముందు కూర్చోబెట్టింది డాక్టరు దగ్గర కాదు, ‘హెల్త్ కౌన్సెలర్’ దగ్గర. అతను ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’ (నడుం కింది భాగంలో రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త ఉబ్బడం) అన్న చోట పసుపు రంగు మార్కర్‌తో గీత గీశాడు. తర్వాత బల్ల మీదున్న ప్లాస్టిక్ వెన్నెముకను రెండు చేతులతో నొక్కాడు. ఎముకల మధ్య నుంచి ఎర్ర రబ్బరు ముక్క బయటికి పొడుచుకొచ్చింది. “ఇదే మేడం మీ నరం మీద కూర్చుంది. ఇలాగే వదిలేస్తే రేపు కాలు పడిపోవచ్చు” అన్నాడు.

భయపెట్టాక రేటు చెప్పారు. లక్షా ఇరవై వేలు, ఈ రోజే కడితే 84,000. అంత లేవంటే నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. ఆమె ఫోనే తీసుకుని పాన్, ఆధార్ వివరాలు కొట్టి, ఓటీపీ అడిగి, అక్కడికక్కడే లోన్ శాంక్షన్ చేయించారు. నిలబడలేనంత నొప్పిలో ఉన్న మనిషి ఆ షరతులన్నీ చదువుతుందా?

ఇంతా చేసి ఇచ్చింది ఏమిటంటే, నడుముకు పట్టీ కట్టి లాగే టేబుల్ (దీన్నే ట్రాక్షన్ అంటారు), హాట్ ప్యాక్, కరెంట్ పెట్టే ఐఎఫ్‌టీ, ఒక బెల్టు. వ్యాయామాలేవంటే జిరాక్స్ కాగితం ఒకటి చేతిలో పెట్టారు. నొప్పి పెరిగిందని చెబితే “లోపలున్నది బయటికొస్తోంది, మంచి లక్షణం” అని జవాబు. ఆ తర్వాత లేజర్‌కు అదనంగా కట్టమన్నారు. మానేస్తాం, మిగతా డబ్బు ఇవ్వండంటే బిల్లు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ‘నాన్ రిఫండబుల్’ చూపించారు. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంది. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ కాబట్టి సిట్టింగులు మానేసినా వాయిదా ఆగదు, ఎగ్గొడితే సిబిల్ స్కోరు పోతుంది.

ఆ గీత గీసిన మాట సంగతి కూడా చెప్పాలి. నొప్పి అంటే ఏమిటో తెలియనివాళ్ళకు స్కాన్ చేసినా డిస్క్ బల్జ్ కనిపిస్తుంది. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం ఏ నొప్పీ లేనివారిలోనే 20 ఏళ్ళ వయసులో 30 శాతం మందికి, 50 ఏళ్ళకు 60 శాతం మందికి బల్జ్ ఉంది. కాబట్టి రిపోర్టు ఒక్కటీ చూసి ప్యాకేజీ రాసేవాళ్ళను నమ్మకండి. పైగా బయటికి జారిన డిస్క్ ముక్క చాలామందిలో నెలల మీద దానంతటదే కుంచించుకుపోతుంది. ఆ పేరు మెషీన్ కొట్టేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో ట్రాక్షన్, నడుం బెల్టులు మామూలుగా ఇవ్వవద్దనే ఉంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే సయాటికా (నడుం నుంచి కాల్లోకి లాగే నరం నొప్పి) ఉన్నా లేకున్నా ట్రాక్షన్, బెల్టు, ఐఎఫ్‌టీ వద్దంది. మా వదినకు ఇచ్చినవాటిలో ఆ మూడూ ఉన్నాయి! ‘అమెరికా ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ (మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఆమోదించింది) అన్న బోర్డు చూసి కూడా పడిపోకండి. అక్కడ ఈ టేబుళ్ళు ఎక్కువగా, ఇప్పటికే మార్కెట్లో ఉన్న ట్రాక్షన్ పరికరం లాంటివే అన్న లెక్కన అనుమతి పొందాయి. జబ్బు నయం చేస్తాయని నిరూపించినందుకు కాదు.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి ఆర్థో ఓపీకి తీసుకెళ్ళాం. లైన్ పెద్దదే కానీ డాక్టరు మనిషిని చూశాడు. మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించాడు, పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తాడు, మోకాలి మీద సుత్తితో తట్టాడు. బలం ఎక్కడా తగ్గలేదన్నాడు. కొద్ది రోజులకు నొప్పి మాత్రలు రాసి, మంచం పట్టవద్దు, నడవమన్నాడు, మిషన్ దగ్గర మధ్యమధ్యలో లేవమన్నాడు. ఫిజియోథెరపిస్ట్ పక్కనుండి ఒక్కో వ్యాయామం చేయించారు. ఫిజియోలందరినీ తిట్టకండి, ఒళ్ళు వంచి వ్యాయామం చేయించేవాళ్ళే దీనికి అసలైన వైద్యులు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ వదిన మళ్ళీ మిషన్ ఎక్కింది.

అయితే కొన్ని లక్షణాలుంటే నడకలు, వ్యాయామాలు అంటూ ఇంట్లో కూర్చోకూడదు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడటం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, పాదం ఎత్తలేకపోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, కింద పడ్డ దెబ్బ ఉంటే కూడా ఆలస్యం వద్దు. మన దగ్గర వెన్నెముక టీబీ కూడా ఉంది, మర్చిపోకండి.

డబ్బు కట్టమని ఒత్తిడి చేస్తే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రిఫండ్ షరతులు కాగితం మీద రాసిమ్మనండి. ఫోన్ వాళ్ళ చేతికివ్వకండి, ఓటీపీ చెప్పకండి. అప్పటికే లోన్ పడిపోయి ఉంటే ఆ రోజే ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపు అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గడువు దాటితే బిల్లు, వాట్సాప్ మెసేజీలు, యాడ్ స్క్రీన్‌షాట్ దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే కేసు వేయడానికి ఫీజు లేదు. మేము హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాకే ఆ సెంటర్ వాళ్ళు సెటిల్‌మెంట్ మాటలు మొదలుపెట్టారు.