విజయనగరంలో మా హెల్త్ ఇన్సూరెన్స్ బ్రాంచి, అక్కడి మేనేజరు మేడమ్

గంటస్తంభం దగ్గర మాది ఫ్యాన్సీ షాపు. 2021లో నాకూ మా ఆవిడకూ కలిపి మూడు లక్షల హెల్త్ పాలసీ తీసుకోవాలనుకున్నాం. ముందు వచ్చిన ఏజెంటు, మా ఆవిడకు షుగరు ఉందనగానే "అది రాయకండి, ప్రీమియం పెరిగిపోద్ది" అన్నాడు. మనసొప్పక ఈ బ్రాంచికి వెళ్లాం. మేనేజరు మేడమ్ ఫారం తన ముందే పెట్టుకుని "షుగరు ఎప్పటి నుంచి అమ్మా? ఏ మాత్ర వేసుకుంటున్నారు?" అని అడిగి, అన్నీ రాయించారు. ప్రీమియం పెరిగింది. ఆ రోజు నాకు కాస్త కష్టంగానే అనిపించింది.

మేనేజరు కాకముందు ఆవిడ విశాఖలో ఏడేళ్లు క్లెయిముల సెక్షన్లో పనిచేశారట. "షుగరు, బీపీ దాచినవాళ్లకు రిజెక్షన్ లెటర్లు నా చేత్తోనే పంపాను సార్. వాళ్లు ఫోన్ చేసి ఏడ్చేవారు. అలాంటి ఫారం ఈ ఆఫీసు నుంచి వెళ్లనివ్వను" అన్నారు. నెలాఖరున ఒక కుర్రాడు ఆరోగ్యం వివరాలు ఖాళీగా వదిలేసిన ఫారం తెచ్చి, టార్గెట్ ఉంది మేడమ్ అని బతిమాలుతుంటే, తిప్పి పంపడం నేను కళ్లారా చూశాను.

2024 నవంబరులో మా ఆవిడకు గాల్ బ్లాడర్‌లో రాళ్లు, విశాఖలో ఆపరేషన్. మా పాలసీలో రాళ్లకు రెండేళ్ల వెయిటింగ్, అంటే పాలసీ తీసుకున్న రెండేళ్ల దాకా వాటికి క్లెయిము రాదు. అది అప్పటికే దాటింది. కంపెనీ నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, షుగరు ఎప్పటి నుంచి అని! ఫారంలో ఉన్నదే డాక్టరు కాగితంలోనూ ఉంది కాబట్టి క్యాష్‌లెస్ (ఆసుపత్రికి కంపెనీయే నేరుగా కట్టడం) అప్రూవల్ వెంటనే వచ్చింది. డిశ్చార్జి రోజు మాత్రం టెన్షన్ పడ్డాం. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ ప్రకారం, ఆసుపత్రి డిశ్చార్జికి అడిగాక కంపెనీ తుది అనుమతి మూడు గంటల్లో రావాలి, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. మాకు ఐదు గంటలైంది. మేడమ్ ఈ రూలు చెప్పి హెడ్డాఫీసు వెంట పడ్డారు. అదనపు రోజు అద్దె మా మీద పడలేదు.

ఈ రివ్యూలో ఒక స్టార్ తగ్గించడానికి కారణం రూము అద్దె. మా పాలసీలో అద్దె రోజుకు పాలసీ మొత్తంలో ఒక శాతం, అంటే 3,000 వరకే. తెలియక 4,500 రూములో చేరాం. రెండు రోజుల అద్దెలో 3,000 పోవడమే కాదు, రూము లిమిట్ దాటితే మిగతా ఛార్జీలూ అదే నిష్పత్తిలో తగ్గిస్తారట, అలా సర్జన్, థియేటర్ వగైరా 48,000లోనూ మూడో వంతు, 16,000 కోసేశారు. మందులకూ పరీక్షలకూ ఆ కోత లేదు గానీ పాలసీ ఇవ్వని గ్లౌజులూ అవీ మరో 2,000. మొత్తం 92,000 బిల్లులో మా చేతి నుంచి 21,000. పాలసీ అమ్మిన రోజు ఇది ఎవరూ చెప్పలేదు. గట్టిగానే అడిగాను. మేడమ్ వాదించలేదు, "తప్పు మాదే సార్" అన్నారు. మొన్న రెన్యువల్‌కు వెళ్తే ప్రతి కాపీ మీదా రూము లిమిట్‌ను ఎర్ర పెన్నుతో చుట్టి, చదివి వినిపించి ఇస్తున్నారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే కంపెనీ వేరే ఊరి బ్రాంచిలో మా చెల్లెలు నానా తిప్పలు పడింది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీలకు 18 శాతం జీఎస్టీ తీసేశారు కాబట్టి రెన్యువల్ కాస్త తేలికైంది. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఫోన్ చేస్తే కుర్రాణ్ణి ఇంటికే పంపుతారు. వెళ్లేవాళ్లు పదకొండు లోపే వెళ్లండి, తర్వాత మేడమ్ ఆసుపత్రుల వైపు తిరుగుతుంటారు.