బొంతకి ఏ మిషను మేలు: పడవ సింగరా, కాలి ఉషానా?

నెల రోజుల్లో ముగ్గురు అడిగారు ఇదే సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళ నాటి చేతి సింగర్ ఒకటుంది, ఎవరో పాత ఉషా కాలి మిషను అమ్ముతామంటున్నారు, బొంతలు కుట్టుకోడానికి ఏది మంచిది అని. మూడోసారి అడిగింది మా అప్ప. ఆమదాలవలస నుంచి ఫోన్ చేసి, "రెండూ నీ కాడే ఉన్నాయి కదే, ఏది మంచిదో ఒక్క మాట సెప్పీ" అంది. ఒక్క మాట చెప్తే ఎందుకని అడుగుతుంది, మళ్ళీ గంట పడుతుంది. అందుకని రాసేస్తున్నాను.

నా సింగర్ అమ్మమ్మది, 28కె అనే మోడలు. చేత్తో తిప్పేది, వంపు తిరిగిన చెక్కమూత, లోపల కింది దారాన్ని మోసే పడవలాంటి షటిల్. పీట మీద కుడిపక్క కొట్టిన నంబరు వై అక్షరంతో మొదలవుతుంది. అంటే 1921కీ 1935కీ మధ్య స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో పుట్టిందన్నమాట. మీదాని మీద ఇంగ్లీషు E తో మొదలయ్యే జంట అక్షరాలూ ఆరంకెలూ ఉంటే అదీ అక్కడిదే, తర్వాతి కాలంది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఈ ముక్కతో తర్వాత పనుంది, గుర్తుంచుకోండి.

ఉషాని రెండేళ్ళ కిందట కొన్నాను. మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక దర్జీ దుకాణం ఎత్తేస్తుంటే ఇనప స్టాండుతో సహా రిక్షాలో వేయించుకొచ్చాను. ఉషా, రీటా అని పేర్లే వేరు గానీ మన దర్జీల దగ్గర కనిపించే నల్ల మిషన్లు చాలామటుకు సింగర్ 15 అనే మోడలు అచ్చులోంచి వచ్చినవే. కాబట్టి ఇది పరదేశిదా స్వదేశిదా అన్న పేచీ కాదు. ఒక సింగర్ వంశానికీ ఇంకో సింగర్ వంశానికీ మధ్య పోటీ అనుకోండి.

కుట్టు అందం ఒక్కటే చూస్తే అమ్మమ్మదే గెలుస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. పడవ షటిల్ ముందుకీ వెనక్కీ ఊగుతూ వేసే కుట్టు ముత్యాల పేరులా ఉంటుంది. చప్పుడు కూడా తక్కువ. పక్కగదిలో పిల్లలు పడుకున్నా పని చేసుకోవచ్చు. ఉషా అలా కాదు, నాలుగిళ్ళవతలకి తెలుస్తుంది. సూది దగ్గర తేడా లేదు. రెండింటికీ బజార్లో దొరికే మామూలు మిషను సూదే, నూలు చీరలకి 16వ నంబరు, జీన్సు ముక్కలు కలిస్తే 18.

అయితే బొంత జాకెట్టు కాదు. నాకు ఈ లెక్క తెలిసింది మొదటి బొంత పాడైన తర్వాతే. మిషను మంచి చెడ్డలు మాట్లాడేటప్పుడు అందరూ కుట్టు గురించీ, నూనె గురించీ, బెల్టు గురించీ చెప్తారు. భుజం కింద ఖాళీ గురించి ఎవరూ చెప్పరు. సూదికి కుడిపక్కన, పైన మిషను భుజం, కింద పీట, అటు చక్రం వైపు స్తంభం, వీటి మధ్య ఉన్న సందు. బొంత బతుకంతా ఆ సందులోనే ఉంది.

ఒకరు కప్పుకునే బొంత ఏడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు అనుకుందాం. నాలుగైదు నూలు చీరలు పొరలుగా వేస్తాం. కుట్టు నడిమధ్య నుంచి మొదలెట్టాలి, లేకపోతే పొరలు ఒక పక్కకి జారిపోయి చివర మడత పడుతుంది. నడిమధ్య గీత కుడుతున్నప్పుడు సగం బొంత, అంటే రెండడుగుల పైన గుడ్డ, చుట్టచుట్టి ఆ సందులోంచి వెళ్ళాలి. సింగర్ 28 ముప్పాతిక సైజుది, పీట పొడవు పన్నెండంగుళాలు. ఉషాది పద్నాలుగున్నర. ఆ తేడా అంతా సందులోకి రాదు, అక్కడ దక్కేది అంగుళం పైచిలుకే. ఈ మాత్రానికేనా అని నేనూ అనుకున్నాను. ఆ అంగుళం లేనప్పుడు చుట్ట స్తంభానికి ఒరుసుకుని, గుడ్డని మళ్ళీ సూది మీదకే తోస్తుంది. తిన్నగా వెళ్ళాల్సిన గీత నాగావళి మలుపుల్లా తయారయింది.

దానికి తోడు చేతి మిషను. కుడిచెయ్యి పిడి తిప్పాలి, అంత బరువునీ ఎడమచెయ్యి ఒక్కటే నడిపించాలి. మంచం మీంచి జారుతున్న బొంతని లాక్కుంటూ కుడుతుంటే సూది వంగింది. వంగిన సూది వెళ్ళి పడవ ముక్కుకి తగిలింది. ముక్కు చెదిరింది, కుట్టు తప్పడం మొదలైంది.

షటిల్ కోసం నేను ఎక్కని గుమ్మం లేదు. చివరికి ఒక ముసలి మెకానిక్కు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది కావాలని అడిగినోలు ఈమజ్జిన ఎవులూ లేరమ్మా" అని నవ్వాడు. సన్నటి గరుకు కాగితంతో అరగంట రుద్ది, ముక్కు నున్నగా చేసి ఇచ్చాడు. ఇప్పుడు కుడుతోంది. మళ్ళీ తగిలితే మాత్రం నా దగ్గర ఇంకోటి లేదు. ఫ్యాక్టరీయే లేనప్పుడు అసలు సింగర్ పడవ మన కొట్లలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే ఉషాకైతే కింది దారం ఉండే బాబిన్ కేసు రాజాంలోనో పార్వతీపురంలోనో ఏ దారాల కొట్లో అడిగినా సొరుగులోంచి తీసిస్తారు.

ఉషా మీద అదే బొంత మళ్ళీ విప్పి కుట్టాను. కాళ్ళు తొక్కుతుంటే రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి. ఎడమపక్క చెక్క బల్ల కొంత బరువు మోస్తుంది, వెనక ఇంకో బల్ల జరుపుకుంటే మిగతాది అది మోస్తుంది. పని ఇలా చేస్తాను: ముందు జానెడుకో టాకా వేసి పొరలు కదలకుండా చేస్తాను. గుడ్డని నొక్కిపట్టే ఫుట్ కడ్డీ నెత్తిన ఉన్న మర కొంచెం వదులు చేస్తాను, లేకపోతే పై పొర ముందుకి సాగి చివర్లో సంచీలా వేలాడుతుంది. కుట్టు పొడవు పెద్దది పెట్టుకుంటాను. గీత చివర నాలుగు కుట్లు వెనక్కి వెయ్యడానికి నా ఉషాకి మీట ఉంది. సింగర్‌లో ఆ వసతి లేదు, దారాలు ముడెయ్యాలి.

ఉషాలో తప్పులు లేవా అంటే ఉన్నాయి. దర్జీ దగ్గర అరిగిన మిషను గనక గుడ్డని లాగే పళ్ళు మొద్దుబారాయి, మార్పించాను. తొక్కడం అలవాటు లేనివాళ్ళకి చక్రం వెనక్కి తిరిగి దారం కింద పిచ్చుకగూడు కడుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే ఈ మాటలన్నీ దండగ. ఇంకోటి నా తెలివితక్కువ: మిషను నూనె అయిపోయిందని ఒకసారి కొబ్బరినూనె పోశాను. పుష్యమాసం వచ్చేసరికి మిషను బిగుసుకుపోయింది. ఇంటి చలి ఇరవైనాలుగు డిగ్రీల కిందకి దిగితే కొబ్బరినూనె పేరుకుంటుందని దీపం బుడ్డిలో రోజూ చూస్తూనే ఉన్నాను, మిషను విషయంలో తోచలేదు. కిరసనాయిలుతో కడిగి దారికి తెచ్చుకున్నాను.

భుజం ఖాళీయే ముఖ్యమైతే దర్జీలు వాడే పెద్ద కరెంటు మిషను కొనొచ్చు కదా అంటారు. కొనొచ్చు. అది నడిపే వేగానికి బొంత మన చేతిలో ఉండదు, బల్లతో సహా సగం గది తినేస్తుంది. కొత్త ప్లాస్టిక్ మోటారు మిషన్లు జాకెట్లకి బాగుంటాయి. బొంత బరువుకి మిషనే బల్ల మీద నడుస్తుంది. సింగర్ 201కె మోడలు ఎక్కడైనా కనబడితే బేరమాడకుండా కొనెయ్యండి, అది వేరే జాతి. ఫిడేలు ఆకారపు పీటతో ఇంకా పాత సింగర్లు కొన్ని తిరుగుతుంటాయి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఊళ్ళో ఉంటూ ఫిడేలుని కాదనడం కష్టమే గానీ, వాటికి మామూలు సూది పట్టదు. అల్మారా మీద పెట్టుకోండి.

మరి అమ్మమ్మ సింగర్ ఎందుకుంచుకున్నాను? అతుకులకి. చిన్న ముక్కలు కలపడానికి దానంత నెమ్మది మిషను లేదు, చక్రం సగం తిప్పి ఆగమంటే ఆగుతుంది. తాతగారి పొందూరు ఖద్దరు పంచెలు కొన్ని మిగిలాయి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి వడికే ఆ సన్నటి గుడ్డ ఉషా పళ్ళ కింద ముడుచుకుపోతుంది. సింగర్‌లో 11వ నంబరు సూది వేస్తే కుట్టు పడినట్టే తెలియదు. ముక్కలు ఇక్కడ కలిపి, పొరలు అక్కడ కుడతాను.

ఒక్కటే పెట్టుకునే చోటుంటే ఉషా తీసుకోండి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు చేతిసంచిలో చీరముక్క కాదు, ఇంట్లో పాత బొంత చుట్టి పట్టుకెళ్ళండి. ఫుట్ ఎత్తి, చుట్టని భుజం కింద పెట్టి, చక్రం చేత్తో నాలుగు చుట్లు తిప్పండి. అమ్మేవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. పైన బంగారు రంగు బొమ్మలు తళతళలాడుతున్నాయని మురిసిపోకండి, ఆ స్టిక్కర్లు కొత్తవి దొరుకుతాయి.

అప్పా, నువ్వు ఉషాయే కొనుక్కో. మీ అత్తగారి సింగర్ మాత్రం పాతసామాన్లవాడికి వేసెయ్యకు. దాంట్లో పడవ బాగుందో లేదో చూసి చెప్పు, నాకు కావాలి.