గంజాయి, భంగు: మొక్క ఒకటే, తేడా ఎక్కడ?

రెండూ కన్నాబిస్ మొక్కవే. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత లేదా కాయ ఉన్న కొసలు. కొస లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఆ ఆకులతో చేసేదే భంగు. అలాగని భంగు అన్నిచోట్లా చెల్లుతుందనుకోవద్దు, అది రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల పరిధి. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సు దుకాణాలున్నాయి. గంజాయికి ఆ వెసులుబాటు లేదు: కిలో వరకు 'స్వల్ప పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం', శిక్ష కనీసం పదేళ్లు.

మత్తు కలిగించే టీహెచ్‌సీ పూతమీది సన్నని జిగురు నూగులో ఎక్కువ, ఆకుల్లో తక్కువ. అందుకే భంగు తేలికని చాలామంది నమ్ముతారు. అసలు ప్రమాదం అక్కడే. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది, సాధారణంగా రెండు మూడు గంటల్లో తగ్గుతుంది. భంగులా తిన్నది, పానీయంగా తాగినది పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కాలేయం టీహెచ్‌సీని 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మారుస్తుంది, దాని ప్రభావం గట్టిది. ఏమీ కాలేదని ఇంకో గ్లాసు తాగితే రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి: గుండెదడ, భయం, వాంతులు. అలాంటివారిని ఒంటరిగా వదలకండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి.