మిద్దె మీది రూంలో ఇరవై నెలలు

మహబూబ్‌నగర్‌లో చదువుకోవడానికి వచ్చి రూం వెతుక్కునేవాళ్లకు కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, ఆటో ఎక్కడ దొరుకుతుంది అన్నవి ఎవరైనా చెప్తారు. మా మెట్ల కింద, చెప్పుల స్టాండుకు కాస్త పైన, గోడకు మా రూం కరెంటును విడిగా లెక్కపెట్టే ఒక చిన్న డబ్బా ఉండేది. నేను చెప్పాలనుకున్నది దాని గురించే. సబ్ మీటర్.

మాది దేవరకొండ దగ్గర. 2023 నవంబర్‌లో పాలమూరు యూనివర్సిటీలో ఎంబీఏలో చేరాను. క్యాంపస్ బండమీదిపల్లి దగ్గర, రాయచూర్ రోడ్డు మీద. నేనూ, కల్వకుర్తి నుంచి వచ్చిన నా క్లాస్‌మేటూ కలిసి వారం రోజులు మెట్టుగడ్డ, న్యూటౌన్, పద్మావతి కాలనీ అన్నీ తిరిగాం. ఆడపిల్లలకు ఇస్తాం కానీ చుట్టాలు రావద్దన్నారు ఒకచోట. కూర వండుకోవచ్చు, కౌసు (మాంసం) వండొద్దన్నారు ఇంకోచోట. "మీరు ఎవరోళ్లు?" అని అడిగిన ఇళ్లు రెండు. అడిగిన గుమ్మంలోంచే వెనక్కి తిరిగాం. వాటి గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

చివరికి దొరికింది మిద్దె మీది రూం. ఒక గది, మూలన వంటగట్టు, బయట బాత్రూం, ముందంతా ఖాళీ మిద్దె. ఇద్దరికీ కలిపి నెలకు 4,000. అమ్మ చూడటానికి వచ్చి గోడలు చూడలేదు, కిటికీలు చూడలేదు. నేరుగా నల్లా తిప్పి దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుంది. నల్లగొండ జిల్లావాళ్లకు అదొక అలవాటు. ఫ్లోరైడ్ నీళ్లు చూసి పెరిగాం కదా, ఏ ఊరు పోయినా ముందు నీళ్ల సంగతే. "ఉప్పగ లేవు" అంది. అడ్వాన్స్ అక్కడే ఇచ్చేశాం.

నీళ్ల విషయంలో ఆ ఇల్లు నిజంగా బంగారం. ఇరవై నెలల్లో నల్లా తిప్పితే గాలి వచ్చిన రోజు ఒక్కటి లేదు. ఎండాకాలంలో పక్క సందులో ట్యాంకర్ కోసం బిందెలు వరస పెడుతుంటే, మేం సాయంత్రం మిద్దె మీద నాలుగు బకెట్ల నీళ్లు చల్లి, స్లాబు చల్లబడ్డాక దాని మీదే చాప వేసుకుని పడుకునేవాళ్లం. ఈ రూం బాగుందని క్లాసులో పది మందికి చెప్పి ఉంటాను.

కరెంటుకు మాత్రం విడిగా యూనిట్‌కు 8 రూపాయలు. ప్రతి నెలా ఒకటో తేదీన ఓనర్ అంకుల్ టార్చ్ పట్టుకుని మెట్ల కింద వంగి అంకె చూసి, పాత డైరీలో రాసుకుని మాకు చెప్పేవాడు. మొదటి ఎండాకాలం, 2024 ఏప్రిల్‌లో, మాకు పడింది 376 రూపాయలు. ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్. న్యాయంగానే అనిపించింది.

అసలు కథ ఆ వానాకాలంలో మొదలైంది. ఆగస్టులో ఒక రాత్రి ఉరుములకు కింద సంపు మోటార్ స్టార్టర్ కాలిపోయింది. మిస్త్రీ వచ్చి గంటలో బాగుచేసి పోయాడు. అంత త్వరగా చేశాడని ఆంటీ అతనికి టీ కూడా ఇచ్చింది. ఆ తర్వాత నుంచి మా బిల్లు పెరిగింది. ఒక్కసారిగా కాదు కాబట్టి అనుమానం రాలేదు. చలికాలంలో 500 దాటితే నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ వల్ల అనుకున్నాం. నేను ఎక్కువసేపు పెడుతున్నానని రూమ్మేట్, తను రెండుసార్లు స్నానం చేస్తుందని నేను. ఆ రాడ్ కోసం మేం ఎంత కొట్లాడుకున్నామో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఫిబ్రవరిలో రాడ్ అటకెక్కింది. బిల్లు దిగలేదు. మార్చికి 720 అయింది.

"ఏం బిడ్డా, పొయ్యి గూడ కరెంటుదే పెట్టిన్రా ఏంది?" అన్నాడు అంకుల్. మా దగ్గర గ్యాస్ చిన్న సిలిండర్ ఉంది. చూపించాను.

ఉగాది, రంజాన్ కలిసి వచ్చాయి ఆ ఏడు. మార్చి 28 సాయంత్రం ఇద్దరం ఊళ్లకు బయల్దేరాం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తున్న మా తమ్ముడు ఫోన్లో, "అక్కా, రూంలో మెయిన్ ఆఫ్ చేసి, మీటర్ ఫొటో తీసుకుని రా" అన్నాడు. తీశాను. 1412.6. నాలుగు రోజుల తర్వాత వచ్చి, బ్యాగు కూడా దించకుండా మెట్ల కింద వంగాను. 1418.9. తాళం వేసిన గది, మెయిన్ ఆఫ్ చేసిన గది, ఆరు యూనిట్లకు పైన కాల్చింది!

మర్నాడు పొద్దున ఆరున్నరకు తమ్ముడు ఫోన్లో ఉన్నాడు, నేను మెట్ల కింద చెప్పుల మధ్య కూర్చున్నాను. మీటర్ మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, కరెంటు వాడుతుంటే మిణుకుమిణుకుమంటుంది. మా మీటర్ మీద 3200 అని రాసి ఉంది. అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థమట, నాకు అప్పటిదాకా తెలియదు. రూం మెయిన్ ఆఫ్. లైటు నిద్రపోతోంది. సరిగ్గా అప్పుడే ఆంటీ లోపల స్విచ్ వేసింది, నా వీపు వెనక సంపులో మోటార్ గుర్రుమంది, ఎదురుగా ఎర్ర లైటు టక్ టక్ మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. "నిమిషంలో ఎన్నిసార్లో లెక్కబెట్టు" అన్నాడు తమ్ముడు. యాభై ఆరు. "అయితే గంటకు ఒక యూనిట్ పైన. అది ఒక హెచ్‌పీ మోటారే అక్కా" అన్నాడు. మోటార్ ఆగింది. లైటూ ఆగింది.

కాలిపోయిన స్టార్టర్‌కు కొత్త వైరు లాగేటప్పుడు మిస్త్రీ దగ్గర్లో ఏ కనెక్షన్ దొరికితే దానికి తగిలించేశాడు. దగ్గర్లో ఉన్నది మా సబ్ మీటర్. ఎనిమిది నెలలుగా కింద ఐదుగురు, పైన ఇద్దరు, ఆంటీ తులసి కోట, అంకుల్ స్కూటర్ కడుక్కోవడం, అన్నిటికీ నీళ్లు మా డబ్బులతోనే పైకెక్కాయి. పది మందికి గొప్పగా చెప్పుకున్న నీళ్లు!

అంకుల్ కావాలని చేయించాడా? అలా అనుకోను. లైటు చూపిస్తే ఆయన ముఖం నిజంగానే వాడిపోయింది. వైరు ఆ రోజే మార్పించాడు. డబ్బుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మాట మారింది. "నీళ్లు మీరు గూడ వాడిన్రు గద బిడ్డా" అన్నాడు. నా లెక్కకు రెండు వేలకు పైనే రావాలి. మే కిరాయిలో 1,500 తగ్గించాడు. పరీక్షల ముందు ఇంకో రూం వెతికే ఓపిక లేక సరే అన్నాను.

ఆయన బాధ కూడా ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్లకార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది కదా. ఇంటి మొత్తానికి ఉన్నది ఒకటే అసలు మీటర్, మా వాడకమూ అందులోనే కలుస్తుంది. 200 దాటితే ఆ నెల మొత్తానికి కట్టాలి, పైగా మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసల లెక్క. అంటే ఒక్క యూనిట్ ఎక్కువైతే వెయ్యి రూపాయలకు పైన. ఎండాకాలంలో ఆయనకు అలా రెండు నెలలు పోయింది. అది మా వల్లేనని ఆంటీ మెట్ల దగ్గర వినిపించేలా అనేది. కాకపోతే సున్నా వచ్చిన నెలల్లో కూడా మా దగ్గర 8 చొప్పున తీసుకున్నారు. ఆ పథకం కిరాయికి ఉన్నవాళ్లకూ ఉంది గానీ, మీ పోర్షన్‌కు విడి కనెక్షన్, దానికి సర్వీస్ నంబర్ ఉండాలి. సబ్ మీటర్‌కు అవేవీ ఉండవు, అది ఓనర్ బజారులో కొని పెట్టుకున్న డబ్బా. పైగా మా కార్డులు ఊళ్లో ఇళ్లకే ఎక్కి ఉన్నాయి.

మరి ఆ రూం తీసుకోవచ్చా అంటే, ఇద్దరుంటే తీసుకోవచ్చు. ఒక్కరికైతే 4,000 బరువే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం లోపల కూర్చోలేం, పెనం మీద రొట్టెలా అవుతాం. మేం లైబ్రరీలో గడిపేవాళ్లం కాబట్టి సరిపోయింది, ఇంట్లో కూర్చుని చదివే అలవాటున్నవాళ్లకు కింది పోర్షనే మేలు. మాకు ఐటీఐ తమ్ముడు ఉన్నాడు, అందరికీ ఉండడు. నీళ్లు బాగున్నాయన్న మాట మాత్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాస్త తగ్గించి చెప్తాను, అంతే.

2025 జూన్‌లో ఖాళీ చేశాం. చివరి నెల బిల్లు 344. అంకుల్ అడ్వాన్స్ పైసా తగ్గించకుండా ఇచ్చాడు, సున్నం డబ్బులు కూడా పట్టుకోలేదు. మేం సామాను దించుతుంటేనే రూంలోకి కొత్తగా ఇద్దరు పిల్లలు వచ్చారు, ఒకామె వెంట వాళ్లమ్మ. ఆమె నేరుగా నల్లా దగ్గరికే పోయింది. నేను ఆ పిల్లలిద్దరినీ కిందికి పిలిచి, చెప్పుల స్టాండు పక్కకు జరిపి, ఎర్ర లైటు చూపించాను.