పెరటి తోటకు నీళ్లు: పైపా, డ్రిప్పా, పూడ్చిన కుండా?

నీళ్లకు కటకట మొదలవగానే చాలామందికి ముందు తోచేది డ్రిప్ కిట్ కొనడం. కొనవచ్చు. కానీ అంతకన్నా ముందు చూసుకోవాల్సినవి మూడున్నాయి: ట్యాంకు ఎంత ఎత్తున ఉంది, మొక్కలు వరుసల్లో ఉన్నాయా చెదురుమదురుగా ఉన్నాయా, నేల ఇసుక పాలుదా బంకదా. వీటిని బట్టి ఒక పెరటికి డ్రిప్ మేలు, ఇంకో పెరటికి మట్టి కుండ మేలు. కొన్నిచోట్ల చేతిలో ఉన్న పైపును సరిగ్గా వాడుకుంటే చాలు.

ముందు లెక్క చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు పోస్తే అది ఒక లీటరు. మండుటెండల్లో ఆకు కమ్ముకున్న మడి రోజుకు 5 నుంచి 7 మిల్లీమీటర్ల నీటిని గాలికి వదులుతుంది. అంటే 10 చదరపు మీటర్ల మడికి రోజుకు 50 నుంచి 70 లీటర్లు. మొక్క తాగే ఈ నీటిని ఏ పద్ధతీ పెద్దగా తగ్గించలేదు. తగ్గించగలిగేది వృథాను: వేళ్లు దాటి కిందికి జారిపోయేది, గట్టు దాటి పారిపోయేది, ఖాళీ నేల మీంచి ఆవిరయ్యేది, కలుపు తాగేది. "డ్రిప్ పెడితే సగం నీళ్లు చాలు" అన్న మాట అంతకుముందు సగం నీళ్లు పారబోసిన వాళ్ల విషయంలోనే నిజం.

చేతి పైపు

అరంగుళం పైపులో కుళాయి పూర్తిగా తిప్పితే నిమిషానికి 10 నుంచి 20 లీటర్లు వస్తాయి. మీ పైపు సంగతి తెలియాలంటే 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. నిమిషం పడితే, పైన చెప్పిన మడికి నాలుగు నిమిషాల నీళ్లు సరిపోతాయి. పది నిమిషాలు పట్టారంటే 150 లీటర్లు పోసినట్టు.

అయితే పైపుతో వచ్చే అసలు చిక్కు వేగం. నిమిషానికి 15 లీటర్ల చొప్పున 10 చదరపు మీటర్లలో పోస్తే గంటకు 90 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు లెక్క. బంకనేల గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లే ఇంకించుకోగలదు. ఇసుక నేలైతే 30కి పైనే. అందుకే బంకనేలలో పైన బురదగా కనిపిస్తుంది, వేలు గుచ్చితే కింద పొడిగా ఉంటుంది. దీనికి విరుగుడు మడి చుట్టూ గట్టు, మొక్క చుట్టూ పాదు, ఒకేసారి కాకుండా పది పదిహేను నిమిషాల ఎడంతో రెండు మూడు విడతలుగా పోయడం. రోజూ పైపైన తడపడం ఇంకా చెడ్డది. పై రెండు సెంటీమీటర్లే తడుస్తూ ఉంటే వేళ్లు కూడా అక్కడే ఉండిపోతాయి. ఒక్కపూట నీళ్లు తప్పినా మొక్క వాడిపోతుంది.

నారుమళ్లకు, కొత్తగా విత్తిన ఆకుకూరలకు మాత్రం సన్నటి రంధ్రాలతో నీళ్లు చల్లే పూలడబ్బాకు సాటి లేదు. మొలక వేరు ఒకటి రెండు సెంటీమీటర్ల లోతున ఉన్నప్పుడు పై పొర అంతా సమంగా తడిగా ఉండాలి. ఆ పని డ్రిప్ వల్లా కాదు, కుండ వల్లా కాదు.

డ్రిప్

కూరగాయలు వరుసల్లో ఉన్న మడికి ఇదే మేలు. 1.2 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున్న మడికి 16 మిల్లీమీటర్ల ఇన్‌లైన్ పైపు (చుక్కలుగా నీరు వదిలే డ్రిప్పర్లు లోపలే అమర్చి వచ్చేది) మూడు వరుసలు, మొత్తం 24 మీటర్లు పడుతుంది. డ్రిప్పర్ల ఎడం ఇసుక నేలకు 30 సెంటీమీటర్లు, బంకనేలకు 40 నుంచి 50. ఇసుకలో నీరు నిలువునా దిగిపోతుంది గానీ పక్కలకు పాకదు, బంకలో పక్కలకు పాకుతుంది. 30 సెంటీమీటర్ల ఎడమైతే 80 డ్రిప్పర్లు. గంటకు 2 లీటర్ల రకమైతే మొత్తం 160 లీటర్లు. 60 లీటర్లు పడడానికి 23 నిమిషాలు చాలు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పేది. ఆ 2 లీటర్లు అన్నది ఒక బార్ ఒత్తిడి దగ్గర, అంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి నీరు దిగినప్పుడు. ట్యాంకులోని నీటిమట్టం మడికి 3 మీటర్ల పైన ఉంటే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. మామూలు డ్రిప్పర్ నుంచి వచ్చే నీరు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 2 లీటర్లు కాస్తా 1.1 లీటరు అవుతుంది. 23 నిమిషాలకు బదులు 41 నిమిషాలు తిప్పాలి. ఫిల్టర్ దగ్గర, పైపులో పోయే ఒత్తిడిని కూడా కలిపితే ఇంకొంచెం ఎక్కువే.

ట్యాంకు తక్కువ ఎత్తులో ఉన్నవారు రెండు విషయాల్లో జాగ్రత్త పడాలి. ఒత్తిడిని సమం చేసే ఖరీదైన డ్రిప్పర్లు సాధారణంగా అర బార్ నుంచి ఒక బార్ ఉంటే గాని సరిగ్గా పనిచేయవు. 3 మీటర్ల ట్యాంకుకు వాటిని బిగించడం దండగ. టైమర్ విషయంలోనూ అంతే. సొలినాయిడ్ వాల్వు (విద్యుత్ అయస్కాంతంతో పనిచేసే వాల్వు) ఉన్న టైమర్ తెరుచుకోవడానికి, మూసుకోవడానికి కొంత ఒత్తిడి కావాలి. అది లేకపోతే సగంలో ఆగిపోతుంది, లేదా మూసుకోకుండా ట్యాంకంతా ఖాళీ చేస్తుంది. మోటారుతో తిరిగే బాల్ వాల్వు టైమర్ ఒత్తిడి లేకపోయినా పనిచేస్తుంది.

బిగించే వరుస ఇది: కుళాయి, టైమర్, 120 మెష్ ఫిల్టర్ (అంగుళానికి 120 రంధ్రాల జల్లెడ ఉన్నది), మెయిన్ పైపు, వరుస పైపులు, చివర విప్పడానికి వీలైన మూతలు. ఫిల్టర్ లేకుండా డ్రిప్ వేయడం కంటే వేయకపోవడం నయం. నెలకోసారి చివరి మూతలన్నీ విప్పి, నీరు తేటపడేదాకా వదలాలి. పైపు నల్లదే ఉండాలి. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది. పైపును మట్టిలో పాతకూడదు. నీళ్లు కట్టేసినప్పుడు పైపు ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది, ఆ పీల్పుకు బురద డ్రిప్పర్‌లోకి పోతుంది. నేల మీద పరచి పైన ఎండుటాకులు కప్పితే చాలు.

ఉప్పునీరైతే డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లటి పొక్కు కడుతుంది. విప్పదీసే రకమైతే సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో రాత్రంతా నానబెడితే కరిగిపోతుంది. ఇన్‌లైన్ పైపులో విడిగా విప్పడం కుదరదు కాబట్టి బాగా ఉప్పునీరున్న చోట పైన గుచ్చే డ్రిప్పర్లే మంచివి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. డ్రిప్ నీటిలోని ఉప్పు తడి అంచుల దగ్గర పేరుకుంటుంది. చాలా రోజుల తర్వాత సన్నటి జల్లు పడితే ఆ ఉప్పు తిరిగి వేళ్ల మీదికి కొట్టుకొస్తుంది. అందుకే అలాంటి జల్లు పడుతున్నప్పుడు డ్రిప్ ఆపకూడదు, తిప్పి ఉంచాలి. వింతగా అనిపించినా సరైన పని అదే.

డ్రిప్‌లో పెద్ద లోపం, చెడిపోతే చెప్పదు. ఒక డ్రిప్పర్ మూసుకుపోయిందని మొక్క తలవాల్చాకే తెలుస్తుంది. రెండు వారాలకోసారి వరుసకు మొదట, మధ్యన, చివర ఒక్కో గిన్నె పెట్టి 15 నిమిషాలు పట్టండి. మొదటికీ చివరికీ తేడా పదిలో ఒక వంతు దాటితే ఎక్కడో అడ్డుంది, లేదా వరుస మరీ పొడుగైంది.

పూడ్చిన కుండ

చైనాలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. మెరుగు పూయని మట్టి కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడతారు. చుట్టూ మట్టి ఎండితే కుండ గోడలోంచి నీటిని లాక్కుంటుంది, తడిగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. టైమర్ లేకుండానే మొక్క అవసరాన్ని బట్టి నీరు వస్తుంది. నేల పైపొర పొడిగా ఉండడంతో కలుపు కూడా అంతగా రాదు.

దుకాణంలో కనిపించిన ప్రతి కుండా పనికిరాదు. నింపి ఒక రాత్రి ఉంచండి. పొద్దుటికి గోడంతా చెమ్మగా ఉంటే మంచిది. చుక్కలు కారుతుంటే పగులుంది. బయట పొడిగానే ఉంటే గోడలోంచి నీరు ఊరడం లేదు, వదిలేయండి. 5 లీటర్ల కుండకు దానికన్నా రెట్టింపు వెడల్పు గొయ్యి తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టిని గోడకు ఆనేలా నొక్కాలి. గాలి సందు ఉంటే ఆ వైపు నీరు రాదు. మూతి నేలకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే వాన బురద లోపలికి పోతుంది. మొక్కలు గోడకు 15 నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. నాటిన మొదటి వారం రెండు వారాలు పైనుంచి కూడా కొద్దిగా పోయాలి. అప్పటికి వేళ్లు కుండను చేరవు కదా.

నీరు సగానికి దిగగానే నింపాలి. పూర్తిగా ఎండనిస్తే నీటిలోని ఉప్పు రంధ్రాల్లో గట్టిపడి కుండ మూగబోతుంది. బురదనీరు, సబ్బునీరు పోయకూడదు.

సొర, బీర, దోస, పుచ్చ, టమాటా, వంగ వంటి ఎడంగా పెరిగే వాటికి ఇది బ్రహ్మాండం. కానీ 10 చదరపు మీటర్ల మడికి 5 లీటర్ల కుండలు పది పెట్టినా వాటిలో పట్టేది 50 లీటర్లే. సగానికి దిగినప్పుడల్లా నింపితే ఒక్కో విడతకు అందేది 25. ఎండల్లో ఒత్తుగా పెరిగిన ఆకుకూరలకు అది చాలదు. పైగా పది కుండలు నింపడమే ఒక పని. చెట్ల దగ్గర ఎక్కువకాలం ఉంచితే వేళ్లు కుండను చుట్టుకుని పగలగొడతాయి.

సోకర్ పైపు, అంటే పొడుగునా గోడలోంచి నీరు ఊరే పైపు గురించి ఒక్కమాట. మట్టం సమంగా ఉండి, నీరు తీపిదైతే చిన్న మడికి పనికొస్తుంది. ఏటవాలు ఉంటే పల్లం వైపే తడిసిపోతుంది. స్ప్రింక్లర్ గాలికి, ఎండకు నీటిని పోగొట్టుకుంటుంది, ఆకులు తడిపి బూజు తెగుళ్లకు దారి తీస్తుంది. లాన్ లేని తోటకు దాని అవసరమే లేదు. నీళ్లు తక్కువైతే లాన్ అవసరమూ లేదు.

కుండీలు వేరే లెక్క

కుండీలో మట్టి తక్కువ కాబట్టి అది నీటిని నిలబెట్టుకోలేదు. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్‌ను అరగంట తిప్పితే లీటరులో చాలా భాగం అడుగు రంధ్రంలోంచి పోతుంది. అదే పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు తిప్పితే ఒక్కో విడతకు 330 మిల్లీలీటర్లు పడుతుంది, దాదాపు అంతా మట్టిలోనే ఉంటుంది. కుండీ మట్టిలో కలిపే కొబ్బరి పొట్టు పూర్తిగా ఎండితే నీరు అంచుల వెంట జారిపోతుంది. అప్పుడు డ్రిప్పర్ ఎంతసేపు తిరిగినా లాభం లేదు. కుండీని అరగంట నీళ్ల తొట్టిలో నిలబెట్టాలి. ఇరవై లోపు కుండీలైతే డ్రిప్ బాధ ఎందుకు, మగ్గుతో పోయడమే మేలు. పురుగు పట్టిందేమోనని రోజూ ఆకు వెనక చూసే అలవాటూ ఉంటుంది.

మూడింటిలో ఏది ఎంచుకున్నా మడి మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో గడ్డో పరవండి, కాండానికి మాత్రం ఓ 5 సెంటీమీటర్లు వదిలి. పరిచే ముందు నేలను బాగా తడపాలి. పొడినేల మీద పరిస్తే చిన్న వానలు ఆ కప్పులోనే ఆగిపోతాయి.

కలగలుపు తోటకు పద్ధతులు కూడా కలిపే వాడుకోవాలి: వరుస మడులకు డ్రిప్, మూలల్లోని తీగపాదులకు కుండలు, నారుకు పూలడబ్బా. ఆకుకూరలను, తీగపాదులను ఒకే డ్రిప్ వాల్వు మీద పెట్టకండి. ఆకుకూరలకు సరిపడా తిప్పితే పాదులకు నీరు ఎక్కువవుతుంది, పాదులకు చూసుకుంటే ఆకుకూరలు ఎండుతాయి.

వారం రోజులు ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే ఎండాకాలంలో 5 లీటర్ల కుండ సరిపోదు, మూడు నాలుగు రోజులకే అడుగంటుతుంది. డ్రిప్ టైమరైతే వారమంతా నెట్టుకొస్తుంది, కానీ కొత్త బ్యాటరీ వేసి, ఫిల్టర్ కడిగి, బయల్దేరడానికి రెండు రోజుల ముందే పెట్టి చూసుకోవాలి.